నల్లరంగు కింద ఎర్రరంగు

పోయినేడు వానలు మొదలవడానికి ముందు మోతీనగర్‌లో మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన దగ్గర్నుంచి నాకో బేస్ గిటార్ వచ్చింది. ఇచ్చారు అనడం కంటే, వాళ్ళబ్బాయి అటక ఖాళీ చేస్తూ పాత ఇనుప సామాన్ల బండి మీదకి ఎక్కించబోతుంటే నేను అడ్డం పడ్డాను అనడం సబబు. ఆయన డెబ్భైలు దాటిన మనిషి. ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో, తర్వాత కొన్నేళ్ళు సినిమా రికార్డింగుల్లో బేస్ వాయించారు. వీధిలో అందరూ మాస్టారు అంటారు, నేనూ అంతే.

గిటార్ తల మీద కంపెనీ పేరు లేదు. ఆకారం మాత్రం 1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్‌కి నకలు. నల్లరంగు, నాలుగు తంతులు, వాటికి తుప్పు. జాక్‌లో వైరు పెడితే గుర్రుమనే శబ్దం తప్ప ఇంకేం లేదు. నేను ఇంజనీరింగ్ చదివింది ఎలక్ట్రానిక్స్, బతుకుతున్నది సాఫ్ట్‌వేర్ మీద. విరిగిపోయిన దాన్ని చూస్తే బాగుచేయాలనిపిస్తుంది, అదొక జబ్బు.

బేస్ గిటార్ అనే వాద్యం ఒకటుందని నాకు పాతికేళ్ళు వచ్చేదాకా తెలియదంటే నమ్మండి. మా ఇంట్లో ఉన్నది అరచేయంత స్పీకరున్న టేప్ రికార్డర్. బేస్‌లో అన్నిటికంటే మందమైన తంతి సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాన్ని గాలిలోకి తోసే శక్తి అంత చిన్న స్పీకర్‌కి ఉండదు. మొదటి బోనస్‌తో మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కుని ‘గీతాంజలి’, ‘అభినందన’ పాటలు పెట్టుకున్న రాత్రి, ఇన్నాళ్ళూ పాట కింద ఇంకో పాట నడుస్తోందని తెలిసి లేచి కూర్చున్నాను. ఇళయరాజా బేస్‌ని తాళానికి అతుకు వేసే పనికి పెట్టుకోలేదు. గాయకుడి గొంతు పైకి వెళితే అది కిందకి దిగుతుంది, గొంతు ఆగిన చోట అది అందుకుంటుంది. ఆ తంతుల మీద చాలాసార్లు ఉన్నది శశిధరన్ వేళ్ళు. ఈ పేరు నాకు ఏ కేసెట్ అట్ట మీదా దొరకలేదు. అట్ట మీద సంగీత దర్శకుడు ఉంటాడు, రచయిత ఉంటాడు, గాయకులుంటారు. బేస్ వాయించినవాళ్ళ ఊసు ఉండదు. వినిపించని వాద్యానికి పేరెందుకు అనుకున్నారేమో.

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ బయటకు తెచ్చేవరకూ ఆ మంద్రస్వరం పలికించాలంటే మనిషెత్తు డబుల్ బేస్‌ని మోసుకు తిరగాలి. ఫెండర్ దాన్ని మెడకి తగిలించుకునే చెక్కగా మార్చాడు. మెట్లు పెట్టాడు కాబట్టి శ్రుతి తప్పదు, అందుకే ప్రెసిషన్ అన్నాడు. మన సినిమాల్లోకి అది వచ్చి నిలదొక్కుకుని మహా అయితే రెండు దశాబ్దాలు ఏలిందేమో, 1983లో డీఎక్స్7 కీబోర్డ్ వచ్చింది. అదే ఏడు మిడి కూడా వచ్చింది. ఒక్క మనిషి కూర్చుని బేస్, ఫ్లూట్, గంటలు అన్నీ మీటల మీద పలికించొచ్చు. రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించిన దిలీప్ అనే కుర్రాడు 1992లో ‘రోజా’తో ఏ.ఆర్. రహమాన్‌గా బయటకొచ్చేనాటికి లెక్క పూర్తిగా మారిపోయింది. తప్పు రహమాన్‌ది అనడం లేదు, ఆయన తర్వాత కీత్ పీటర్స్ లాంటి గొప్ప బేసిస్టుతో ఎన్నో పాటలు చేయించాడు. కానీ పదిమంది వాద్యకారులకి పంచే డబ్బు ఒక కీబోర్డ్‌తో మిగులుతుందని నిర్మాతకి ఒకసారి తెలిశాక, మళ్ళీ మర్చిపొమ్మంటే మర్చిపోతాడా?

మాస్టారు చెప్పింది ఇంకో మాట. సినిమా 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌తో, ఆ తర్వాత ఫిల్మ్‌నగర్‌తో హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుంది గానీ, పాట మాత్రం చాలా కాలం మద్రాసులోనే కాపురం ఉంది. "పాట ఇక్కడికి వచ్చేసరికి మేం అక్కర్లేకుండా పోయాం బాబూ" అన్నారు. చాలా మామూలుగా, బస్సు మిస్సయిన సంగతి చెప్పినట్టు.

ఇక నా పని. కరెంటు సంగతి తేలిగ్గానే తేలింది. వాల్యూమ్ మీటల్లో పేరుకున్న దుమ్ము, ఊడిపోయిన ఒక ఎర్త్ వైరు. రెండు టంకాలు, కాంటాక్ట్ క్లీనర్, అరపూట. మెడ వంగింది, లోపలి ఇనుప కమ్మీని పావుచుట్టు చొప్పున రోజుకొకసారి తిప్పుతూ వారంలో దారికి తెచ్చాను. రంగు దగ్గరే బోల్తా పడ్డాను.

నల్లరంగు పెచ్చులుగా లేచింది. కుడి ముంజేయి ఆనే అంచు దగ్గర నలుపు అరిగి, దాని కింద ఎరుపు కనబడి, ఎరుపు మధ్యలో నున్నటి చెక్క కోడిగుడ్డంత మేర బయటపడింది. నాకది గలీజుగా తోచింది. హీట్ గన్ తెచ్చి, రంగు మెత్తబడగానే పుట్టీ బ్లేడుతో గీకి, 120 నంబరు సాండ్ పేపర్ నుంచి 320 దాకా రెండు ఆదివారాలు రుద్దాను. నలుపు కింద లప్పం వచ్చింది, లప్పం కింద ఎరుపు. ఆ లప్పం చూసి నవ్వుకున్నాను, ఎవరో కార్లకి డెంటింగ్ పెయింటింగ్ చేసే షాపులో దీనికి రంగేశారని. వాద్యానికి కారు రంగా అని.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ రాత్రి చదువుతూ కూర్చుంటే తెలిసిందేమంటే, ఫెండర్ వేసిందీ కారు రంగే. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుడు సామగ్రి కోసం పెరిగిన నైట్రోసెల్యులోజ్ ఉత్పత్తికి యుద్ధం తర్వాత కొత్త పని కావలసి వచ్చింది. డ్యూపాంట్ కంపెనీ దాంతో డ్యూకో అనే రంగు చేసింది. 1923లో జనరల్ మోటార్స్ దాన్ని ఓక్లాండ్ కార్లకి వేసింది. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరింది. ఫెండర్ గిటార్ల మీద ఇవాళ లక్షలు పోసి కొనుక్కునే ఫియస్టా రెడ్ అసలు ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది. మన ఫర్నిచర్ పనివాళ్ళు ఇప్పటికీ డ్యూకో ఫినిష్ అంటారే, ఆ డ్యూకో ఇదే. 1950ల మొదటి వరకూ సినిమా రీళ్ళు కూడా నైట్రోసెల్యులోజ్‌వే, అందుకే అవి భగ్గున మండేవి. పేరులేని ఈ బేస్‌కి హైదరాబాద్‌లో కారు రంగు వేయించినవాడు ఫెండర్ ఫ్యాక్టరీ చేసిన పనే చేశాడన్నమాట. ఒరిజినల్ ఫినిష్ అంటూ కలెక్టర్లు కొట్టుకు చస్తున్నదాంట్లో పవిత్రత ఏముందో నాకైతే అర్థం కావడం లేదు. అది మార్కెట్ కట్టిన విలువ.

మూడో ఆదివారం మాస్టారు చూడ్డానికి వచ్చారు. బాల్కనీలో బల్ల మీద తెల్లగా, నున్నగా చెక్క ఉంది. నేను గర్వంగా నిలబడ్డాను. ఆయన వంగి, కుడిచేయి చాచి, ముంజేతిని ఆ అంచు మీద ఆనించారు. కాసేపు అటూ ఇటూ జరిపారు, చీకట్లో స్విచ్చి కోసం తడుముకున్నట్టు.

"ఇక్కడ కొంచెం అరిగి ఉండాలే."

"రుద్దేశాను మాస్టారూ."

"ఎర్రది కొన్నాను నేను. స్టేజి మీద ఎరుపు బాలేదన్నారు, నలుపు వేయించా. ఆ నలుపు పోయి మళ్ళీ ఎరుపు రావడానికి పదకొండేళ్ళు పట్టింది" అని, "పోనీలే బాబూ, నీ వస్తువే కదా" అన్నారు.

ఆ పదకొండేళ్ళలో ఆయన ఎన్ని పాటలకి వాయించారో ఎక్కడా రాసి లేదు. అట్టల మీద లేదు, టైటిల్స్‌లో లేదు. ఆయన కూడా లెక్క పెట్టుకోలేదు. ఉన్న ఒక్క దస్తావేజూ కోడిగుడ్డంత అరుగుదల. దాన్ని నేను 320 నంబరు కాగితంతో చదును చేశాను. మా ఆఫీసులో పాత కోడ్ చూడగానే తిరగరాస్తానని ఎగబడే కొత్త కుర్రాళ్ళకి, ముందు అది ఎందుకలా ఉందో కనుక్కోండర్రా అని నేనే చెబుతుంటాను.

తర్వాత ఏం రంగు వేయమంటారని అడిగితే నలుపే అన్నారు. జులైలో వేశాను, అది రెండో తప్పు. ముసురు పట్టిన రోజు లాకర్ కొడితే థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద వాలి లోపల చిక్కుకుంటుంది. నల్లటి బేస్ మీద పల్చటి మజ్జిగ ఒలకబోసినట్టు తెల్లగా పొగచూరింది. ఇల్లంతా పెట్రోలు బంకులా వాసనేస్తోందని అమ్మ గోల. మళ్ళీ రుద్దాను.

వానలు వెనక్కి తగ్గేదాకా ఆగమని చెప్పింది మా అపార్ట్‌మెంట్‌లో తలుపులు చేస్తున్న వడ్రంగి. అతనే లక్క బిళ్ళలు స్పిరిట్‌లో కరిగించి ముందు రెండు పూతలు వేసుకోమన్నాడు. కింద మిగిలిన పాతరంగు ఏదైనా సరే, లక్క దాన్ని పట్టుకుంటుంది, పైరంగు లక్కని పట్టుకుంటుంది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద పురుగులు పెట్టే ఆ జిగురే ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది. వినైల్ రావడానికి ముందు 78 ఆర్‌పీఎమ్ రికార్డుల్లో రాతిపొడిని కలిపి పట్టి ఉంచిందీ అదే. 1908లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టింది, లక్కేమో మన దేశంలోనే పండేది. మన తాతల పాటలు పురుగు జిగురులో గీసిన గీతలే. ఇది తెలిశాక ఆ రెండు పూతలూ కొంచెం భక్తిగా వేశానని ఒప్పుకుంటాను.

అక్టోబర్‌లో నలుపు సరిగ్గా కుదిరింది. మెడ వెనక మాత్రం వేలు పెట్టలేదు. అక్కడ బొటనవేలు ఆనే చోట వార్నిష్ పోయి చెక్క నల్లబడి ఉంది, పొడిగుడ్డతో తుడిచి వదిలేశాను. కొత్త తంతుల సెట్టు కొని, ఎక్కించే ముందు మాస్టారిని పిలిచాను. ఆయన ఆ ప్యాకెట్ తిప్పి చూసి పక్కన పెట్టారు.

"పాతవి పారేశావా?"

పారేయలేదు. బిస్కెట్ డబ్బాలో చుట్టి పెట్టాను. స్పిరిట్‌లో ఒక రాత్రి నానబెట్టి తుడవమన్నారు. మరుసటి రోజు ఆయనే వచ్చి ఒక్కొక్కటీ ఎక్కించుకుని, నేను ఫోన్‌లో ట్యూనర్ తీసేలోపే శ్రుతి చేసేసి, ముంజేయి పెట్టుకోడానికి కొత్త నలుపు మీద చోటు వెతుక్కున్నారు.