తెలియక చేసిన హత్యకు జవాబుదారి ఎవరు?

ఈ వారం మీ బైబిలులో సంఖ్యాకాండము 35వ అధ్యాయం తెరిచి ఉంచుకోండి. దాని దగ్గరకు వచ్చేముందు ఒక పాత గ్రీకు నాటకం సంగతి చెబుతాను. నాటకాలతో మనకేం పని అంటారేమో. చంపాలని అనుకోకుండా చంపిన మనిషిని ఏం చేయాలనే ప్రశ్న ధర్మశాస్త్రంలో ఉన్నట్టే ఆ అన్యజనుల మధ్య కూడా ఉండేది.

ఏథెన్సు కవి సొఫొక్లీస్ క్రీ.పూ. 406 ప్రాంతంలో చనిపోయాడు. ఆయన వ్రాసిన 'ట్రాకిస్ స్త్రీలు' అనే విషాద నాటకంలో డెయనీరా అనే ఇల్లాలు ఉంది. ఆమె భర్త హెర్క్యులిస్. మహా బలవంతుడు, కానీ ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఒకసారి యుద్ధంలో పట్టుకున్న పడుచును ఇంటికి పంపాడు. భర్త మనసు ఆ పిల్లమీద ఉందని డెయనీరాకు తెలిసిపోయింది. ఆమె కేకలు వేయలేదు, ఆ పిల్లను హింసించలేదు. భర్త ప్రేమ తనకు తిరిగి రావాలి, అంతే.

ఆమె దగ్గర ఒక పాత మందు ఉంది. చాలా ఏళ్ల క్రితం నెస్సస్ అనేవాడు ఆమెమీద చెయ్యి వేయబోతే హెర్క్యులిస్ విషం పూసిన బాణంతో వాణ్ణి కొట్టాడు. వాడు చస్తూ, "నా గాయంలోని రక్తం దాచుకో, నీ భర్త మరొకరిని ప్రేమించకుండా చేస్తుంది" అని ఆమెతో చెప్పాడు. ఎండ తగలనీయకు, నిప్పు దగ్గర పెట్టకు అని కూడా చెప్పాడు. ఆమె దానిని ఒక కొత్త వస్త్రానికి పూసి, లికాస్ అనే దూత చేత భర్తకు కానుకగా పంపింది. బలి అర్పించే చోట అతడు దానిని కట్టుకున్నాడు. మంట వేడి తగలగానే అది ఒంటికి అంటుకుపోయి మాంసాన్ని తినేయసాగింది. ఆ బాధలో హెర్క్యులిస్ లికాస్‌ను కాలు పట్టుకుని సముద్రపు బండకేసి విసిరి చంపాడు. పాపం, వాడికి ఏమీ తెలియదు!

ఇక్కడ ఆగి ఆలోచించండి. డెయనీరా హంతకురాలా? ఆమె కోరింది ప్రేమ, చావు కాదు. అయినా చచ్చే శత్రువు మనకు మేలెందుకు చేస్తాడు? ఆ ప్రశ్న ఆమె వేసుకుంది, కానీ వస్త్రం పంపేసిన తరువాత! మందు పూయడానికి వాడిన ఉన్ని ఎండలో పొడిపొడి అయిపోవడం చూశాక వేసుకుంది. ఆ బాణానికి విషం ఉందని ఆమెకు తెలుసు. ఆమెకు దురుద్దేశం లేదు. కానీ తొందరపాటు ఉంది. ఈ రెండూ ఒకటే అనడం అన్యాయం, రెండోది ఏమీ కాదనడమూ సరికాదు.

ఏథెన్సువారు ఈ తేడా ఎరుగుదురు. క్రీ.పూ. 621 ప్రాంతంలో డ్రాకో చేసిన హత్యా చట్టాన్ని క్రీ.పూ. 409-408లో, అంటే సొఫొక్లీస్ బ్రతికుండగానే, మళ్లీ రాతిమీద చెక్కించారు. ఆ రాయి నేటికీ ఉంది. అనుకోకుండా చంపినవానికి ఆ చట్టం మరణం విధించలేదు, దేశం విడిచి పొమ్మంది. చనిపోయినవాని తండ్రి, సోదరులు, కుమారులు అందరూ ఒప్పుకుంటే క్షమాపణ దొరికేది. చనిపోయేవాడే ముందుగా నిన్ను విడిచిపెట్టాను అంటే బంధువులు ఇక వెంటపడకూడదు. అరిస్టాటిల్ పేరున ఉన్న ఒక నీతి గ్రంథంలో, ప్రేమ మందు ఇవ్వగా మనిషి చనిపోయిన ఒక స్త్రీని ఏథెన్సు న్యాయస్థానం విడిచిపెట్టిన సంగతి ఉంది. చంపాలని ఇవ్వలేదు గనుక విడిచిపెట్టారు.

ఇప్పుడు సంఖ్యాకాండము చూడండి. పొరబాటున చంపినవాడు ఆశ్రయపురానికి పారిపోవచ్చు. అలాంటి పట్టణాలు ఆరు. సమాజము వానికీ ప్రతిహత్య చేయువానికీ మధ్య తీర్పు తీర్చాలి. నిర్దోషి అని తేలినా వాడు వెంటనే ఇంటికి పోడు, ప్రధానయాజకుడు మరణమయ్యే వరకు అక్కడే ఉండాలి. డబ్బు కట్టి ముందుగా బయటపడే వీలు కూడా లేదు. చిందిన రక్తం రక్తమే గదా! ద్వితీయోపదేశకాండము 19లో ఇంకొక కారణం కనబడుతుంది. కోపంతో మండుతున్న బంధువు దారిలోనే వాణ్ణి పట్టుకోకుండా పట్టణం దగ్గరలో ఉండాలి. విచారణ జరిగేదాకా ఆ కోపానికి ఒక అడ్డు కావాలి.

డెయనీరాకు ఆ అడ్డు లేదు. కొడుకు హిల్లస్ పరుగున వచ్చి, తండ్రిని చంపావని తల్లిని శపించాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె ఒక్క మాట చెప్పలేదు, లోపలికి వెళ్లి ప్రాణం తీసుకుంది. ఇంట్లోవాళ్లు చెప్పాక గాని హిల్లస్‌కు నిజం తెలియలేదు. తల్లి శవం పక్కన పడుకుని ఏడ్చాడు. తరువాత తండ్రికి చెప్పాడు: ఆమె మేలు కోరి తప్పు చేసింది అని. హెర్క్యులిస్ అంతా విన్నాడు, నెస్సస్ పేరు విని తన చావు వచ్చిందని గ్రహించాడు. భార్య గురించి మాత్రం మంచి మాటగాని చెడ్డ మాటగాని మళ్లీ ఎత్తలేదు. విడిచిపెట్టాను అనగలిగినవాడు ఆయనొక్కడే.

చివరికి తనను చితిమీద పెట్టి నిప్పంటించమని కొడుకును అడిగాడు. నన్ను నీ హంతకుణ్ణి చేస్తావా అని హిల్లస్ వణికిపోయాడు. కట్టెలు పేరుస్తాను గాని నా చేతితో నిప్పు పెట్టను అన్నాడు. తండ్రి అందుకు ఒప్పుకున్నాడు.