అడగని పార్సిల్‌కు బాకీ లేదు

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుట్టించిన ఊరు. వర్క్‌షాపు పనికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడే స్థిరపడ్డారు. ఆ ఊరి చరిత్ర అనగానే 1927 సమ్మె, వి.వి. గిరి పేరు వినిపిస్తాయి. పోస్టుమాను తెచ్చిన వి.పి. (వాల్యూ పేయబుల్) పార్సిల్ గురించి ఎవరూ రాయరు, కానీ రాయదగిన సంగతే. 1877లో మన దేశంలో మొదలైన ఈ పద్ధతిలో సరుకు చేతికిచ్చేటప్పుడే పోస్టాఫీసు డబ్బు వసూలు చేసి పంపినవాడికి చేరుస్తుంది. సొంతూరికి వందల మైళ్ల దూరంలో ఉన్న కుటుంబానికి మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకం అందాలంటే ఇది మంచి దారి. చిక్కల్లా ఒకటే: ముందు డబ్బు కట్టాలి, ఆ తర్వాతే కట్టు విప్పాలి. నెలనెలా జీతం, మారని క్వార్టరు నంబరు ఉన్న రైల్వే ఇల్లు, అడగని సరుకు పంపేవాడికి అనువైన చిరునామా. డ్యూటీలో ఉన్న భర్తే తెప్పించాడేమో అనుకుని ఇంట్లోవాళ్లు కట్టేస్తే వాడి పని అయినట్టే.

ఈ ప్రమాదం ప్రభుత్వానికి తెలియనిది కాదు. నిజమైన ఆర్డరు వచ్చాకే పంపుతున్నానని పంపేవాడు రాసివ్వాలని నిబంధన పెట్టే అధికారాన్ని 1898 పోస్టాఫీసు చట్టం ఇచ్చింది. మోసం జరిగితే వసూలైన సొమ్మును ఆపి, కట్టినవాడికే తిరిగి ఇచ్చే వీలూ ఆ చట్టంలో ఉండేది. నా వాదనకు ఇదే ఆధారం: రుజువు చూపాల్సిన భారం పంపేవాడిది, అందుకునేవాడిది కాదు. అయినా వద్దని ఉత్తరం రాయకపోతే వచ్చే సంచిక వి.పి.లో పంపుతామని పత్రికలే చందాదారులకు చెప్పే అలవాటు ఉండేది. పాత చందాదారుడి విషయంలో అది కొంత సబబే. ముక్కూమొహం తెలియనివాడికి వర్తించదు. మౌనం అంగీకారం కాదని ఇంగ్లండు కోర్టు 1862లోనే ఒక గుర్రం బేరంలో తేల్చింది.

వచ్చిన సరుకును వాడుకుని డబ్బు ఎగ్గొట్టడం న్యాయమా అని అడగవచ్చు. కాదు. పొరపాటున ఇంట్లో దిగిన సరుకును సొంతం చేసుకున్నవాడు దాని ధర ఇవ్వాల్సిందేనని 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ముట్టుకోనివాడి మీద ఆ భారం లేదు. అడగకుండా తపాలాలో పంపిన సరుకును కానుకగా ఉంచుకోవచ్చని అమెరికా 1970లో చట్టం చేసింది. కొనుగోలుకు సమ్మతి స్పష్టంగా ఉండాలని, ముందే టిక్కు పెట్టిన గడి చాలదని మన 2020 ఇ-కామర్స్ నిబంధనలు అంటాయి. 1898 చట్టం స్థానంలో 2024 జూన్ నుంచి కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చింది. చట్టం ఏదైనా, మీ ఇంట్లో ఎవరూ ఆర్డరు ఇవ్వని పార్సిల్‌కు గుమ్మంలో డబ్బు కట్టకండి, విప్పకుండానే తిప్పి పంపండి.