పొగను ఖర్చులో రాయని లెక్క

ఆస్ట్రేలియా రాష్ట్రమైన టాస్మేనియాలోని లాన్సెస్టన్ నగరం టేమర్ లోయలో ఉంది. చలికాలపు రాత్రుళ్లు గాలి కదలక, ఇళ్లను వెచ్చబెట్టే కట్టెల పొయ్యిల పొగ ఊరిమీదే దుప్పటిలా పరుచుకునేది. కట్టెలు చవకే, కానీ లెక్క అక్కడితో తేలదు. 2001లో ప్రభుత్వ సాయంతో కట్టెల పొయ్యిలను మార్పించడం మొదలైంది. వాటిని వాడే ఇళ్లు 66 శాతం నుంచి 30 శాతానికి తగ్గాయి. చలికాలంలో ఘనపు మీటరు గాలిలో 44 మైక్రోగ్రాములుండే ధూళి 27కు దిగింది. శ్వాసకోశ వ్యాధులతో చలికాలంలో సంభవించే మరణాలూ తగ్గాయని 2013లో వెలువడిన అధ్యయనం చూపింది.

కట్టెల బదులు కరెంటు హీటరు పెడితే, ఆ బిల్లు పేదలు మోయలేరంటారు. నిజమే, అందుకే సర్కారు చెయ్యి వేయాలి. మరో దారీ ఉంది: రంపపు పొట్టును అదిమి చేసిన పెల్లెట్లు పొడిగా ఉండి తక్కువ పొగతో మండుతాయి. అయితే బస్తాలు కొనాలి, పొయ్యి ఫ్యానుకు కరెంటూ కావాలి. ఏ పొయ్యి కొన్నా, పక్కింటి పిల్లల ఊపిరిని కూడా ఖర్చులో రాసుకోండి.