హోల్కరు జట్టు - మన నాయుడుగారు

ప్రవాసాంధ్రులమైన మనము పుట్టిన గడ్డకు ఎంత బాకీ ఉన్నామో, కూడుపెట్టిన గడ్డకు ఎంత బాకీ ఉన్నామో ఉగాదినాడైనా లెక్క చూసుకోవాలి. రైల్వే గుమాస్తాను గనుక నాకు లెక్కలు అలవాటు. ఈ రెండు బాకీలూ తీర్చిన మనిషి ఒకరున్నారు.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో తెలుగు కుటుంబంలో జన్మించారు. 1923లో హోల్కరు మహారాజు పిలువగా ఇండోరు చేరి, సంస్థాన సైన్యంలో కాప్టెను అయ్యారు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు తీశారు. 1932లో లార్డ్సు మైదానంలో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించారు.

అయితే ఆయన పెంచిన చెట్టు హోల్కరు జట్టు. 1944-45 మొదలు 1954-55 వరకు, 11 ఏండ్లలో 10 సార్లు ఆ జట్టు రంజీ ఫైనలు ఆడింది. 4 సార్లు గెలిచింది. ముస్తాక్ అలీ, సర్వతే, జగ్దాలే, నింబాల్కరు - అందరిదీ ఒక్కటే జట్టు. 1945-46లో మైసూరుపై 8 వికెట్లకు 912 పరుగులు చేశారు. ఒకే ఇన్నింగ్సులో ఆరుగురు సెంచరీలు కొట్టారు, వారిలో నాయుడుగారొకరు. ఆ ఏడే బరోడాతో ఫైనలులో, ఏబదియేండ్ల వయస్సులో, ఆయన 200 తీశారు. కప్పు ఇండోరుకు దక్కింది.

గెలుపులే చెప్పి ఊరకుంటే చరిత్ర కాదు. 1944-45 ఫైనలులో బొంబాయిపై నాయుడుగారి తమ్ముడు సి.ఎస్. నాయుడు 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి, 11 వికెట్లు తీశారు. అయినా జట్టు ఓడింది. ఫలితం చేతిలో లేనప్పుడుకూడా పని మానకపోవడం ఎట్లాగో ఆ బంతులే చెబుతాయి.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలకు రాగా, 58 ఏండ్ల నాయుడుగారు ఆ జట్టు పక్షాన ఆడారు. ఎక్కడో పుట్టి, ఎక్కడో పెరిగినా, తల్లి పిలుపు వినబడింది గదా!

సంస్థానాలు పోయినవి. 1954-55లో మద్రాసు చేతిలో 46 పరుగుల తేడాతో ఓడిన ఫైనలే హోల్కరు జట్టుకు చివరిది. నాయుడుగారు 1967 నవంబరు 14న ఇండోరులోనే కన్నుమూశారు. ఆ నేలపై ఆట మాత్రం చావలేదు: 2022లో మధ్యప్రదేశ్ జట్టు మొదటిసారి రంజీ కప్పు గెలిచింది.

మన పిల్లలు, "నాన్నా, మనం ఈ ఊరివాళ్ళమా, ఆంధ్రావాళ్ళమా?" అని అడుగుతుంటారు. నాయుడుగారి కథ చెప్పండి. రెండూనని వారికే తెలుస్తుంది.