పంచ్‌లో ఆరో దినుసు

మందు సంగతి మగవాళ్లు మాట్లాడుకునేదని మనకి చిన్నప్పుడే నూరిపోశారు. వాళ్లు ముందు గదిలో కూచుంటారు, మనం వంటింట్లోంచి పకోడీలు అందిస్తాం. గ్లాసుల గలగల వినిపిస్తుంది గాని దాని కథ మనదాకా రాదు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కనక, ఆ గ్లాసులోకి ఓసారి తొంగిచూడాలనిపించింది నాకు. తాగడానికి కాదు లెండి, తెలుసుకోడానికి!

ముందో తమాషా. దొరల విందుల్లో పెద్ద గిన్నెలో కలిపి గరిటెతో పోసుకునే 'పంచ్' వుందే, ఆ పేరు మన దేశానిదే అంటారు. పాంచ్ అంటే అయిదు. సారా, పంచదార, నిమ్మరసం, నీళ్లు, సుగంధ ద్రవ్యం - అయిదు దినుసులు. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ నావికులు ఇక్కణ్ణించి పట్టుకెళ్లారట. 'కాక్‌టెయిల్' దానికంటే చిన్నది. సారా, పంచదార, నీళ్లు, చేదు కషాయం కలిస్తే కాక్‌టెయిల్ అని 1806లో ఓ అమెరికా పత్రిక అర్థం చెప్పింది. ఇప్పుడు మీరే చూడండి. బెల్లం, మిరియాలు, ఏలకులు, నిమ్మరసం, నీళ్లు కలిపితే ఏమవుతుంది? శ్రీరామనవమి పానకం! ఈ కలిపే విద్య మన వంటింట్లోనూ వున్నదే. వాళ్లు అందులో సారా పోసి, గాజు గ్లాసులో పెట్టారు.

ఆ గాజు గ్లాసుల వైభవం తలుచుకోవాలంటే హైదరాబాదులో ఫలక్‌నుమాని మించిన చోటు లేదు. చార్మినార్ నుంచి దక్షిణంగా షాలిబండ, అలియాబాదు దాటి వెడితే గుట్టమీద కనిపిస్తుంది. ఆకాశానికి అద్దం అని దాని పేరుకి అర్థం చెబుతారు. పాయెగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి, తొమ్మిదేళ్లపాటు కట్టించాడు. అందులో భోజనాల బల్ల దగ్గర ఒక్కసారే 101 మంది కూచోవచ్చు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివరకి వినిపిస్తుందంటారు. జనానా మాత్రం వేరే. ఆ గుసగుసలు వినే భాగ్యం రాణివాసానికి లేదన్నమాట.

కట్టడమైతే అయింది గాని, నవాబు అప్పులపాలయ్యాడు. ఆయన బేగం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి తోబుట్టువు. నిజాంని విందుకి పిలిచి, ఆయన మెచ్చుకోగానే భవనాన్ని నజరానాగా ఇచ్చేయమని ఉపాయం చెప్పింది ఆవిడేనని చెప్పుకుంటారు. నిజాం పుచ్చుకున్నాడు, డబ్బూ ఇచ్చాడు. చూశారా, మగవాళ్ల విందుకి లెక్క కట్టింది ఆఖరికి ఆడమనిషే!

ఆ తరవాత ఫలక్‌నుమా నిజాంల అతిథిగృహమైంది. 1906లో ఇంగ్లండు యువరాజు, అంటే తరవాత అయిదో జార్జి అయినాయన, భార్యాసమేతంగా అక్కడే విడిది చేశాడు. మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూసింది కూడా ఆ గుట్టమీదే. ఆయన దానగుణాన్ని గురించి ఎన్ని కథలు చెబుతారో, తాగుడు గురించీ అన్ని చెబుతారు.

అదే కాలంలో మూసీకి అవతల, సికింద్రాబాదు దండువైపు, మరో కలపటానికి కారణం బయటపడింది. దొరలకి మలేరియా అంటే హడలు. దానికి మందు క్వినైన్, పరమ చేదు. ఆ చేదుని సోడాలో కలిపితే టానిక్ నీళ్లయ్యాయి. అందులో జిన్ను పోసుకుంటే మందుకి మందూ, 'మందు'కి మందూ! ఆ జ్వరం దోమ వల్లే వస్తోందనడానికి రుజువు 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దొరికించుకున్నాడు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

సరే, ఇంత వైభవానికి డబ్బెక్కణ్ణించి వచ్చేది? ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే గుట్ట దిగి రావాలి. కింద బస్తీల్లో ఈతకల్లుని సేంధీ అనేవారు, ఇప్పసారాని గుల్‌మొహ్వా అనేవారు. రోజంతా రెక్కలు ముక్కలు చేసుకున్నవాడు సాయంత్రానికి కాంపౌండు చేరేవాడు. గుత్తేదారు పాట పాడుకున్న సొమ్ము సర్కారుకి వెళ్లేది. భూమిశిస్తుతో పాటు నిజాం ఖజానాకి పెద్ద రాబడి అబ్కారీ. ఆబ్ అంటే నీళ్లు, కారీ అంటే పని. నీళ్లపని! పైన తాగితే దర్జా, కింద తాగితే దురలవాటు. పైవాడి గ్లాసు నిండడానికి కిందవాడి ముంత ఖాళీ కావాలి.

కల్లుని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ప్రాణానికి తెగించి చెట్టెక్కే గౌడన్నల బతుకు అది. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోస్తారు కూడా. నా తగువు లెక్కతోనే. పంచ్‌కి అయిదు దినుసులంటారే, ఆరోదొకటి వుంది. అది ఇంట్లో పప్పుడబ్బా అడుగున ఇల్లాలు దాచుకున్న డబ్బు. దాన్ని ఏ దొరా లెక్కలో వేయలేదు, ఏ నవాబూ వేయలేదు.

ఆ తరవాతి పాలకులు మాత్రం ఏం వేశారు? 1980లలో మన ప్రభుత్వమే 'వారుణి వాహిని' అని పేరుపెట్టి సారా ప్యాకెట్లు ఊరూరా పంపింది. ఆ లెక్క నిలదీసింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ, తాగుబోతు మొగుడి పాఠం చదివి, ఇది మన కథేగా అనుకున్నారు. రోశమ్మ ముందు నిలిచింది. 1992 కల్లా ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. ఖజానా నిండుకుంటోందని 1997లో దాన్ని సడలించారు. నిజాం నాటి నీళ్లపని మళ్లీ మొదలు!

ఫలక్‌నుమా 2010 నుంచి హోటలు. డబ్బున్నవాళ్లు అక్కడ సాయంత్రాలు నగరం దీపాలు చూస్తూ రంగురంగుల గ్లాసులు పట్టుకుంటారు. వాళ్లలో ఆడవాళ్లూ వుంటారు, వాళ్ల ఇష్టం వాళ్లది. ఇళ్లలోనూ ఆ సరదా వచ్చేసింది. మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ ఓ షేకరు పట్టుకొచ్చి, నిమ్మకాయా పుదీనా నా చేతే తరిగించాడు. "సీసా ఖరీదెంతరా?" అన్నాను. "అత్తయ్యా, అలాంటివి అడక్కూడదు" అని నవ్వాడు. వాడి భార్య మాత్రం నవ్వలేదు.

అంచేత, మీ ఇంట్లో ఎవరైనా గ్లాసు కలుపుతూ వుంటే చేయి పట్టుకోమని చెప్పను. దినుసులు లెక్కపెట్టమనండి. అయిదు దగ్గర ఆగిపోతే, ఆరోదేమిటో మీరు చెప్పండి.