ఉదయగిరి దారులు



దుర్గములు ఆఱు విధములని మనువు చెప్పి, వానిలో గిరిదుర్గమే మేలైనదని నిర్ణయించెను. ఆ నిర్ణయమునకు మన నెల్లూరు మండలపు పడమటి కొసను నిలిచిన ఉదయగిరికంటె చక్కని యుదాహరణమును నేనెఱుగను. కొండ యెత్తు సముద్రమట్టమునకు 3,079 అడుగులు. పైన 8, క్రింద 5, వెరసి 13 కోటలు పూర్వమచట నుండెనని మండల చరిత్రకారులు వ్రాసిరి. పెక్కుచోట్ల కొండచఱియ నిలువునకు లేచియున్నది. ఎక్కుటకు వీలున్న తావులందెల్ల అడ్డుగోడలును, బురుజులును గట్టిరి. ఇట్టి కోటను గూర్చి మాటలాడువారు దానినేలిన రాజుల పేళ్లను వరుసగా చెప్పుట వాడుక. ముప్పదియేండ్లకు పైగా నేనును బడిలో ఆ వరుసనే పిల్లలచే వల్లె వేయించితిని. నేడు మాత్రము రాజులను కొంచెము ప్రక్కకు దప్పించి, ఆ కొండకు బోయిన దారులను గూర్చి మనవి చేయదలచితిని. రాజు పోయిన తరువాతను దారి యుండును. దారి పోయినప్పుడు దానిని గూర్చి శాసనము వేయువాడెవడును లేడు.

శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని ముట్టడించుట 1513లో జరిగినది. అప్పుడు కోట గజపతుల వశమున నుండెను. ప్రతాపరుద్ర గజపతికి బంధువైన తిరుమల రాహుత్తరాయ మహాపాత్రుడు దానిని కాచుచుండెను. పోర్చుగీసు దేశస్థుడును, గుఱ్ఱముల వర్తకుడును నగు నూనిజ్ ఇంచుమించు ఇరువదేండ్ల తరువాత విజయనగరమున నుండి, తాను వినిన వృత్తాంతమును వ్రాసిపెట్టెను. ఆయన లెక్క ప్రకారము రాయలవెంట నడచినది 34,000 కాల్బలము, 800 ఏనుగులు. కోటలోపల నుండినది 10,000 కాల్బలము, 400 గుఱ్ఱములు. పరదేశి వినికిడిమీద వ్రాసిన యంకెలను యథాతథముగా నమ్మవలెనని నేననను. కాని యాయన చెప్పిన మఱియొక మాట అంకెలకంటె విలువైనది. కోటకు బోవు త్రోవ ఒకని వెనుక నొకడు మాత్రమే నడువదగినంత సన్ననిదట. రాయలు బండలను పగులగొట్టించి, గుట్టలమీదుగా బాటలు తీయించి, ఆ సన్నని త్రోవను వెడల్పు చేయించి, బురుజులదాక సేనను నడిపించెనట.

దీనిని చదివినప్పుడెల్ల నాకు కత్తులును గుఱ్ఱములును గాక గునపములును సమ్మెటలును కన్నులకు గట్టును. ముట్టడి యేడాదిన్నర సాగెనని నూనిజ్ చెప్పినదానిలో యుద్ధము చేసిన దినములెన్ని, రాయి గొట్టిన దినములెన్ని? మందుగుండుతో బండలు పేల్చు నేటి పద్ధతులు ఆనాటి పనివానికి లేవు. ఒక్కొక్క యేనుగు దినమునకు నూఱు లీటర్లకు పైగా నీరు త్రాగును. వానకొఱతగల మెట్టసీమలో అన్ని యేనుగులను నిలుపుటకు చెఱువులను, చెఱువులకు బోవు దారులను నెఱిగిన గ్రామస్థుల సాయము లేకుండుట పొసగదు. వారి పేళ్లు ఏ శాసనమునను లేవు. 1514 జూన్ నాటికి కోట లొంగినది. జూలై 6వ తేదీన రాయలు తిరుమలలో స్వామిని సేవించి కానుకలర్పించినట్లు శాసనమున్నది. కొండమీది బాలకృష్ణుని విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, ప్రత్యేకముగా ఆలయము కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించెను. ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. కోటను గెలుచుటకు తీసిన బాటమీదుగనే ఆ బాలుడు దిగివచ్చియుండునని నేననుకొందును.

ఇచట నొక చిన్నమాట. ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున రాయలు, సరిహద్దున నున్న అడవులను పెంపవలెననియు, దేశమధ్యమున నున్నవానిని తొలగింపవలెననియు చెప్పియున్నాడు. ఉదయగిరి అడవిని, బండను దాటుటకు తాను పడిన పాటు ఆ మాటకు మూలమైయుండునా యని విద్యార్థులు నన్నడుగుచుండెడివారు. చక్కని ప్రశ్న.

రాయలకు నూటనలువదేండ్ల ముందే ఈ కొండమీదినుండి మఱియొక పెద్దపని నడచినది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి శిఖరమునుండి రాజ్యమేలుచు, కొండలకావల కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువును త్రవ్వించెను. 1369 నాటి యా శాసనము చెఱువునకుండవలసిన 12 సాధనములను, ఉండరాని 6 దోషములను చెప్పును. దోషములలో మొదటిది కట్టనుండి నీరూరుట. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లును అందు గలదు. ఆ నూఱు బండ్ల మాటను నేను మఱువలేను. కట్టినవి మన దేశవాళి యెడ్లు. నెల్లూరు పశువులని, ఒంగోలు పశువులని లోకమున పేరుగన్న జాతి యిదే. 19వ శతాబ్దమున నీ జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ దేశము చేరినవి. అచటివారు నేటికిని వానిని నెలోరె యని మన ఊరిపేరనే పిలుచుచున్నారు. పొడవైన కాళ్లు, గట్టి గిట్టలు, ఎండకోర్చు మేను గల యా యెద్దును, నిలువెత్తు చక్రముల బండిని మించిన వాహనము చాలకాలమువఱకు ఈ ప్రాంతమున లేదు. బండి పోనిచోట పెరికె యెద్దులు పోయెడివి. కోస్తా ఉప్పును లంబాడీలు ఎద్దులమీద వేసికొని పడమటి సీమలకు గొనిపోవుచుండిరి.

అటుపిమ్మట కోట గోల్కొండ సుల్తానులకు, నవాబులకు, జాగీర్దార్లకు చేతులు మాఱి, 1839 నాటి కర్నూలు నవాబు వ్యవహారముతో జాగీరు కుంఫిణీవారి పాలైనది. ఆ కథ మీలో చాలమంది యెఱిగినదే. దానితో నేటి ప్రసంగమునకు పనిలేదు.

జీపు వచ్చిన కథకు పనిగలదు. 1940లో అమెరికా సైన్యాధికారులు, ఎట్టి నేలమీదనైన పోగల చిన్నబండి కావలెనని 135 కార్ఖానాలకు వ్రాసిరి. బాంటమ్ అను చిన్న కంపెనీ ఆ సెప్టెంబరుననే మొదటి బండిని తెచ్చి నిలిపినది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధము ముగియులోపల ఆఱులక్షలకు పైబడిన జీపులను చేసినవి. మన దేశమున మహీంద్రా వారు 1940ల చివరినుండి విడిభాగములను తెప్పించి బొంబాయిలో బిగింపసాగిరి. 1952లో సమాజాభివృద్ధి పథకము వచ్చినపిదప బ్లాకు ఆఫీసుల ద్వారమున జీపు పల్లెలకు చేరినది. నా చిన్ననాట ఊరిబయట దుమ్ము లేచెనన్న బ్లాకు జీపే. మశూచికపు టీకాలవారో, కఱవు పనుల అధికారియో, పన్నుల వారో తెలియక పిల్లలము సగము సంతోషముతోను, సగము భయముతోను పరుగెత్తెడివారము.

ఆ బండి గొప్పతనము వేగమునందు లేదు. సాధారణమైన కారులో యంత్రపు బలము రెండు చక్రములకే పోవును. ఆ రెంటిలో నొకటి బురదలో జాఱెనా, బలమంతయు దానికే పోయి వృథాగా తిరుగును, రెండవది కదలక నిలుచును. కాడికి గట్టిన యెడ్లలో నొకటి కాలుజాఱి పడిన బండి నిలిచిపోయినట్లే. జీపునందు, కావలసినప్పుడు ఒక మీట వేసినచో ముందు చక్రములకును బలమందును. ఇంకొక మీటతో వేగము తగ్గి, తగ్గినకొలది బలము హెచ్చును. గడ్డపాఱను పొడవుగా పట్టి బండను కదల్చువానికి ఈ కిటుకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక నేటి మాట. పట్టణములందలి యువకులు ఇట్టి బండ్లను కొని, సంఘములుగా గూడి, శని ఆదివారములలో రోడ్డు విడిచి వాగులు, గుట్టలు పట్టి తిరుగుట వేడుకగా చేయుచున్నారు. రోడ్డు వేయుమని మనము అర్జీలు పెట్టుకొనుచుండగా రోడ్డు విడిచి పోవుటకు లక్షలు వెచ్చించువారిని జూచి నవ్వు రాకమానదు. అట్టి సంఘములో నా పూర్వశిష్యుడొకడుండి, కోటకథ చెప్పుటకు రమ్మని గత పుష్యమాసమున నన్ను పిలిచెను. బండ్లు ఎనిమిది. నెల్లూరినుండి ఆత్మకూరువఱకు జాతీయరహదారి. అచటినుండి ఉత్తరముగా మళ్లి, ఉదయగిరి వైపునుండి వచ్చి పెన్నలో కలియు బొగ్గేటి ప్రాంతపు మెట్టదారులు పట్టితిమి.

ఒక వాగుదాటున మొదటి బండి ఇసుకలో ఇరుసుదాక దిగబడినది. వెనుకవారు టైర్లలో సగము గాలి తీసివేసిరి. గాలి తగ్గిన టైరు ఒంటెపాదమువలె పఱచుకొని ఇసుకమీద నిలుచునట. యుక్తి బాగుగనే యున్నది గాని రెండవ బండియు దిగబడెను. అప్పుడు గొఱ్ఱెల వెంట వచ్చిన డెబ్బదియేండ్ల పెద్ద ఒకడు కఱ్ఱ చాపి, "అబ్బయ్యా, అటు కాదు. ఆ తంగేడు పొదల పక్కనే పొండి. అడుగున గులకరాయి ఉండాది. మా నాయన కాలంలో బండ్లదారి అదే" ననెను. ఆ జాడనే తక్కిన ఆఱు బండ్లును చక్రము జాఱకుండ దాటినవి. పిమ్మట మొదటి రెంటిని త్రాళ్లు వేసి లాగిరి.

ఆ సాయంకాలము నాకొక చిక్కు వచ్చినది. దారిలో నొక పాతచెఱువు కట్ట కనబడగా, దానిని అడ్డముగా ఎక్కించి ఆవలికి దింపవలెనని కుఱ్ఱవారికి ఉత్సాహము పుట్టెను. చెఱువు ఎండియున్నది, ఎవరికి నష్టమని వారి ప్రశ్న. పచ్చిమట్టి కట్టమీద టన్నున్నర బరువుగల బండి చక్రముతో గోసిన చాలు, తొలివానకు ఆ గాడివెంట నీరు పాఱి గండి పడును. పోరుమామిళ్ల శాసనములోని మొదటి దోషమును నేను జ్ఞప్తికి దెచ్చితిని. శాసనముకంటె ఆ ముసలివాని మాటయే వారికి బాగుగ తగిలినట్లున్నది. అతడు మాతో కొంతదూరము బండిలో వచ్చియుండెను. "ఈ కట్ట తెగితే మీ బండి మళ్లీ వస్తుందా మన్ను పొయ్యను?" అని మాత్రమనెను. బండ్లు వెనుకకు మళ్లినవి.

మఱునాడు కోటపైకి కాలినడకనే పోతిమి. బండ్లను క్రిందనే నిలుపుడని నేను ముందే నిర్బంధించితిని. రాయి పఱచిన దారిమీద టైరు గిఱగిఱ తిరిగిన రాళ్లు లేచిపోవును. అడవిశాఖవారి హద్దులలో అనుమతిలేక చొచ్చుట 1967 నాటి అటవీచట్టము ప్రకారము నేరమగుటయు వారికి తెలుపవలసివచ్చినది. నేను సగముదాక ఎక్కి యొక ద్వారముకడ కూర్చుంటిని. పడుచువారు పైవఱకు బోయివచ్చి, ఇంత నిలువున రాయలు ఏనుగులనెట్లు నడిపించెనని నన్నే యడిగిరి. ఏనుగులు శిఖరమెక్కినవని నూనిజ్ చెప్పలేదు, దారి తీయించెనని మాత్రమే చెప్పెనని బదులిచ్చితిని.

దిగివచ్చిన పిదప ఊరిలో కొయ్యగరిటెలు, చెంచాలు చెక్కువారి యింటికి బోతిమి. 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన పని యది. కొండకఱ్ఱయే దానికి ఆధారము గనుక, పాత కాలిబాటలు వారికి తెలిసినంతగా ఏ పటమునను లేవు. నా శిష్యుడు కాగితము తీసి వారు చెప్పిన జాడలను, వాగుకడ ముసలివాడు చెప్పిన మఱి మూడు బండ్లదారులను గీసికొనెను. ఆ మూడింటిలో రెండు పొలములలో కలిసిపోయినవని విచారింపగా తెలిసినది. ఒకదానిమీద నిమ్మతోట యున్నది. మూడవది అడవి హద్దులోనిది. దానిని నడచి చూచుటకు అనుమతి గోరి అటవీశాఖవారికి అర్జీ పెట్టియున్నారు.