దక్కన్ గుట్టల్లో ఎలుగుబంటి: వేట నుంచి రక్షణ దాకా

బీదర్ చుట్టూ పరుచుకున్న ఎర్రటి లాటరైటు నేల దాటి, రాయచూరు మీదుగా బళ్లారి వైపు దిగితే గ్రానైటు గుట్టలు ఎదురవుతాయి. బండ మీద బండ, నడుమ గుహలు, కింద ముళ్లపొదలు, చెదపుట్టలు. ఇలాంటి గుట్టలు చాలావరకు మన రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు కిందికే వస్తాయి. ఎలుగుబంటికి మాత్రం కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. ఈ నేలను మనం ఎలా చూశామో, ఎలుగు బతుకూ అలాగే నడిచింది.

1791లో ఇంగ్లండుకు చెందిన జంతుశాస్త్రజ్ఞుడు జార్జ్ షా ఎలుగు పొడవాటి గోళ్లు చూసి, పైదవడలో నడిమి ముందుపళ్లు రెండూ లేకపోవడం గమనించి, దక్షిణ అమెరికాలో కొమ్మలకు వేలాడే స్లాత్ జాతి జంతువనుకున్నాడు. అది ఎలుగేనని తర్వాత తేలినా, ‘స్లాత్ బేర్’ అన్న పేరు ఇంగ్లీషులో ఉండిపోయింది. నిజానికి ఆ పళ్ల సందే దాని బతుకుతెరువు. గోళ్లతో పుట్టను పెళ్లగించి, మట్టిని ఉఫ్‌మని ఊది, ముక్కురంధ్రాలు మూసుకుని, పెదవులను గొట్టంలా ముందుకు చాచి చెదలను పీల్చేస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికీ వినిపిస్తుంది. రేగు, నేరేడు, తునికి, రేల కాయల కాలంలో పళ్లే దాని ప్రధాన ఆహారం. గింజలు పెంటలో పడి దూరదూరాన మొలకెత్తుతాయి. చలికాలంలో గుహలో ఒకటి రెండు పిల్లలను ఈని, ఆ తర్వాత నెలల తరబడి వాటిని వీపున మోస్తూ తిరుగుతుంది. ఆసియాలో పులులున్న అడవుల్లో పెరిగిన జాతి కాబట్టి, హఠాత్తుగా మనిషి ఎదురైతే పారిపోవడం కన్నా తిరగబడటమే దానికి అలవాటు.

బ్రిటిష్ కాలంలో ఎలుగు వేట దొరల వినోదం. ఆ తర్వాత 1957లో వచ్చిన పుస్తకంలో వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ మైసూరు ప్రాంతంలో పన్నెండు మందిని చంపిన ఒక ఎలుగు కథ రాశాడు. అలాంటి కథల వల్ల జనంలో భయం పెరిగింది. మరోపక్క ఎలుగులను ఆడించి బతికే ఖలందర్లు తల్లి ఎలుగును చంపించి పిల్లలను తెచ్చి, ముక్కు కుట్టి తాడు తగిలించి ఊరూరా ఆడించేవారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటను, పట్టడాన్ని నిషేధించింది. 1998లో కేంద్రం ఎలుగుల ప్రదర్శననే ఆపేసింది. అయినా ఆట ఆగింది చట్టంతో మాత్రమే కాదు. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ ఖలందర్ కుటుంబాలకు వేరే జీవనోపాధి చూపాకే వాళ్లు ఎలుగులను అప్పగించారు. 2009 డిసెంబరులో చివరి ఆడే ఎలుగు బెంగళూరు పక్కనున్న బన్నేరుఘట్ట ఎలుగుల సంరక్షణ కేంద్రానికి చేరింది.

నేల సంగతి మలుపు తిరిగింది 1994లో. తెలుగు కన్నడాలు కలిసి పలికే బళ్లారి జిల్లాలో, హంపికి దగ్గర, దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఏర్పడింది. మొదట 55.87 చదరపు కిలోమీటర్ల బిళికల్లు అడవి. 2009లో బుక్కసాగర అడవి కలిసి 82.72 అయింది. పక్కనే సండూరు కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకాలు హద్దు మీరి, 2011లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. 2013లో గుడేకోటె అభయారణ్యం తోడైంది. ముళ్లపొదల గుట్ట కూడా అడవేనని ఒప్పుకోవడమే ఇక్కడ దక్కిన పెద్ద గెలుపు.

అభయారణ్యం లేనిచోట ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం చెబుతుంది. అక్కడ ఎలుగులకు జీడి, కొబ్బరి తోటలే ఆవాసంగా మారాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక రైతు ప్రాణం పోయింది, పలువురు గాయపడ్డారు. పట్టుబడ్డ ఎలుగు కూడా చనిపోయింది. ఇద్దరికీ నష్టమే.

అందుకే ఎలుగు రక్షణ అంటే కంచె వేసిన అడవి ఒక్కటే కాదు. క్వారీకి అనుమతి ఇచ్చేముందు గుట్టలో గుహలున్నాయేమో చూడాలి. గుట్టల కింద రేగు, రేల చెట్లను నరకకుండా కాపాడాలి. తోటలకు వేకువనే, మునిమాపున ఒంటరిగా వెళ్లొద్దని ఊళ్లకు చెప్పాలి, గాయపడ్డవారికి పరిహారం ఆలస్యం లేకుండా అందాలి. గుట్టకు పోరంబోకు అన్న ముద్ర చెరిపేయనిదే ఈ పనులేవీ మొదలుకావు.